నయీంనగర్ నాలా దగ్గర ఇల్లు: 2023 వరద నీళ్లు ఎంత ఎత్తు వచ్చినయో తెలుసుకునేదెట్ల?

హన్మకొండలో నయీంనగర్ నాలాకు 200 మీటర్ల లోపే 150 గజాల పాత ఇల్లు కొందామని చూసినం. 30 ఏండ్ల ఈసీ (ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రిజిస్ట్రేషన్ రికార్డు), లింకు డాక్యుమెంట్లు (ఇదివరకటి అమ్మకాల కాగితాలు) సరిగ్గనే ఉన్నయి. గల్లీ తీరు చూద్దామని పొద్దున 6కు, రాత్రి 10కి, ముహూర్తాల రోజు కూడా పోయినం. ఫంక్షన్ హాల్ డీజే చప్పుడు తలుపులేస్తే ఇబ్బంది లేదు, ఇరుగుపొరుగు మంచోళ్లే.

తేలనిది నీళ్ల సంగతే. 2023 జులై వరదకు మోకాళ్ల దాకా వచ్చినయని ఒకరు, గడపే దాటలేదని ఇంకొకరు. కిరాయికున్నోళ్లంతా ఆ తర్వాత దిగినోళ్లే. మరకలు వెతుకుదామంటే గోడలకు కొత్త రంగు, కింద మూడడుగులు కొత్త టైల్స్. కరెంటు మీటరు మాత్రం పాత జాగ నుంచి పైకి మార్చిన గుర్తుంది, అనుమానమంతా అక్కడే.

ఆ గల్లీలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చినయో ఖాయంగా తెలియాలంటే ఇంకేం చూడాలె, ఎవరినడగాలె?