72 గంటల జాంబీ సంచి: 18 కిలోలు దాటింది, ఏం తీసేయాలి?

చందానగర్_చీమ
సరదా లెక్కే, కానీ లెక్క సరిగ్గా తేలాలి. మే నెల. కరెంటు లేదు, సెల్ టవర్లు మొదటి రోజే పోయాయి. జాంబీలు మెల్లగా నడుస్తాయి, చప్పుడుకి వస్తాయి, కరిస్తే అంటుకుంటుంది. చందానగర్ నుంచి అనంతగిరి కొండల దాకా, అటూఇటూగా 60 కి.మీ., మూడు రోజుల్లో నడిచి చేరాలి. ఒక్క మనిషి, ఒంటి బరువు 62 కిలోలు, 45 లీటర్ల సంచి.

సర్దినవి: నీళ్ళు 9 లీటర్లు, మ్యాగీ 12 ప్యాకెట్లు, చిన్న గ్యాస్ స్టవ్వు, ఆవకాయ సీసా, రెండు జీన్స్, దుప్పటి, కొబ్బరికాయలు కొట్టే కత్తి, టార్చి, పవర్ బ్యాంకు, మందుల డబ్బా. చేతిలో గునపం. గునపం కలపకుండానే 18 కిలోలు దాటింది. ఏది తీసేయాలి? ఏం మర్చిపోయాను?

బరువు_బాబాయ్
ముందు గునపం కింద పెట్టండి. ఒంటి బరువులో ఐదో వంతు, అంటే మీకు 12 కిలోలు, అదీ మోత అలవాటున్న వాళ్ళకి. అలవాటు లేకపోతే 9, 10 దగ్గర ఆగాలి. గునపం బదులు ఐదడుగుల వెదురు కర్ర చాలు. అడ్డం పెడితే మీదికొచ్చేదాన్ని దూరంగా ఆపుతుంది, నడకలో మోకాళ్ళ మీద భారం తగ్గిస్తుంది, వాగులో లోతు చూడ్డానికీ పనికొస్తుంది.

సగం బరువు నీళ్ళదే. ఎండలో రోజుకి 3 లీటర్లు కావాలన్న లెక్క తప్పు కాదు, మొత్తం మోయాలనుకోవడమే తప్పు. కూల్‌డ్రింక్ రెండు లీటర్ల సీసాలు రెండు పెట్టుకోండి, దారిలో నింపుకోండి. కరెంటు లేకపోతే బోరు మోటార్లు పనిచేయవు కాబట్టి ఊళ్ళలో చేతిపంపులు వెతకాలి. పంపు కిర్రుమంటుంది, నాలుగు దిక్కులూ చూసి కొట్టండి. బావి, చెరువు నీళ్ళయితే పాత నూలు చీర ముక్క నాలుగు మడతలేసి వడకట్టి, తేరుకున్నాక క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. మురికి నీళ్ళలో నేరుగా వేస్తే క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది, క్రిములు మిగులుతాయి. బిళ్ళ ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసి కొనండి. 20 లీటర్ల బిళ్ళ రెండు లీటర్ల సీసాలో వేస్తే నోట పెట్టలేరు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ నీళ్ళు చేరే కుంటల జోలికి మాత్రం వెళ్ళొద్దు. రసాయనాలు బిళ్ళకీ పోవు, మరగబెట్టినా పోవు.

అటుకుల_మూట
మ్యాగీ తీసుకుంటే స్టవ్వు, గిన్నె, గ్యాసు, అదనపు నీళ్ళు, అన్నీ దాని వెంటే రావాలి. పైగా వాసన, మంట. వండక్కర్లేనివి పెట్టండి: అటుకులు అరకిలో, పల్లీ చిక్కీ అరకిలో, పుట్నాలు 300 గ్రాములు, ఖర్జూరం 200. కిలోన్నర బరువుకి దాదాపు 5,900 కేలరీలు, మూడు రోజులకి సరిపోతుంది. పల్చటి అటుకులు రెండు నిమిషాల్లో నానతాయి, దొడ్డువి ఆలస్యం.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు ఆరు. ఒక్కోటి లీటరు నీళ్ళకి కొలిచి చేసింది, గ్లాసుడు నీళ్ళలో కలిపి తాగితే ఉప్పు ఎక్కువై ఉన్న దాహం ముదురుతుంది. నిప్పు అవసరమైతే అగ్గిపెట్టె, నాలుగు కర్పూరం బిళ్ళలు. తడి పుల్లల్ని కూడా అంటిస్తుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టకపోతే కర్పూరం ఆవిరైపోతుంది, పోతూ పోతూ అటుకులకి వాసన పట్టిస్తుంది.

మడమ_నొప్పి
అందరూ ఆయుధాలు మాట్లాడతారు, సాక్సుల గురించి ఒక్కరూ అడగరు! 60 కి.మీ.లో మిమ్మల్ని ఆపేది జాంబీ కాదు, మడమ మీద బొబ్బ. కొత్త బూట్లు వద్దు, అరిగి పాదానికి అలవాటైనవి వేసుకోండి. నూలు సాక్సులు చెమట పట్టి ఉంచుకుంటాయి, తడిసిన చర్మం రాసుకుని లేస్తుంది. సింథటిక్ రకం మూడు జతలు, రెండు గంటలకోసారి మార్చి తడివి సంచి మీద ఆరేయండి. మడమ మంట మొదలవగానే గుడ్డ ప్లాస్టర్ వేయాలి, బొబ్బ లేచాక వేస్తే తీసేటప్పుడు చర్మంతో సహా వస్తుంది. జీన్స్ వద్దు. తడిస్తే బరువు, ఆరదు, తొడలు ఒరుస్తుంది.

బరువుతో గంటకి మూడు కి.మీ. అనుకోండి. తెల్లారుజామున నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ సాయంత్రం ఐదున్నర తర్వాత. మధ్యాహ్నం నీడపట్టున పడుకోవడమే. లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్ రైలు పట్టాలు దారి తప్పనివ్వవు, కానీ కంకర మీద నడిస్తే చీలమండ మెలిపడుతుంది. పక్కనున్న మట్టి బాట పట్టండి. వంతెనల మీద పక్కకి తప్పుకునే చోటుండదు, రెండో కొస ఖాళీగా ఉందని చూశాకే ఎక్కండి.

చప్పుడు_శత్రువు
చప్పుడుకి వస్తాయన్నారు కదా, సంచి వీపున వేసుకుని పదిసార్లు గెంతండి. గలగలమన్న ప్రతిదీ తువ్వాల్లో చుట్టాలి. స్టీలు గ్లాసు, తాళాల గుత్తి, సగం ఖాళీ అయిన మాత్రల డబ్బా (దూది కుక్కండి). కిరాణా కవర్లు కరకరలాడతాయి, గుడ్డ సంచులే నయం.

బరువైనవి వీపుకి ఆనేలా, భుజం రెక్కల ఎత్తులో. అడుగున పెడితే సంచి వెనక్కి లాగుతుంది, నడుము పోతుంది. నడుము పట్టీ ముందు బిగించి, తర్వాత భుజాలవి. దుప్పటి బదులు 6×8 అడుగుల టార్పాలిన్, 120 జీఎస్ఎంది (చదరపు మీటరుకి 120 గ్రాములు తూగేది) అయితే అరకిలో పైచిలుకు. 250ది తెస్తే కిలో దాటుతుంది.

పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చేతికిచ్చేది ఆరు వేల పైచిలుకే. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, మ్యాపు ముందే దించుకోండి. వార్తలకి సెల్లుల రేడియో, ఇయర్‌ఫోన్‌తో. యూపీఐ ఉండదు, పది, ఇరవై, యాభై నోట్లు పెట్టుకోండి.

చందానగర్_చీమ
మళ్ళీ తూచాను, 10 కిలోల 100 గ్రాములు. కాటు తప్పించుకోడానికి బైక్ జాకెట్, హెల్మెట్ వేసుకోనా?

మడమ_నొప్పి
హెల్మెట్ వద్దు, వెనక చప్పుడు వినబడదు. జాకెట్ మేలో రోజంతా వేసుకుంటే వడదెబ్బే. సంచి పైన కట్టి, సందుల్లోకి వెళ్ళేటప్పుడే తొడుక్కోండి. చేతులకి తోలు గ్లవ్స్ మాత్రం ఎప్పుడూ ఉండాలి, పెనుగులాటలో ముందు దొరికేవి చేతులే. సబ్బు మర్చిపోయారు. జాంబీ కాటు సంగతేమో గానీ, దారిలో కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, చేరాక రేబిస్ టీకా.

చందానగర్_చీమ
సరే. ఆవకాయ?

అటుకుల_మూట
సీసా వద్దండీ. పగిలితే సంచంతా నూనె, తింటే దాహం. వంద గ్రాముల నువ్వుల పొడి తీసుకెళ్ళి అటుకుల్లో కలుపుకోండి.