'లిసీస్ స్టోరీ' ఆడియోబుక్: వినాలా, చదవాలా?

గోదారి గట్టు:
అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ నవల 'లిసీస్ స్టోరీ' (2006) ఆడియో గురించి అడిగితే మనవాళ్ళు రెండు రకాలుగా చెబుతున్నారు. సగంలో ఆపేశామనేవాళ్ళు కొందరు, కింగ్ రాసినవాటిలో మనసుకు ఇంతగా పట్టింది ఇంకోటి లేదనేవాళ్ళు కొందరు. తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. స్కాట్ లాండన్ పేరున్న రచయిత. అతను చనిపోయి రెండేళ్ళయింది. పాతికేళ్ళు కాపురం చేసిన భార్య లిసీ అతని రాతగది సర్దడానికి కూర్చుంటుంది. అతని కాగితాల కోసం ప్రొఫెసర్లు వెంటపడుతుంటారు. వాళ్ళలో ఒకరి మాట పట్టుకుని ఒక ఉన్మాది ఆమె మీదికి వస్తాడు. ఇదంతా పైకి కనిపించే కథ. లోపల స్కాట్ బాల్యం, అతనికి దారి తెలిసిన ఇంకో లోకం, అక్కడ తిరిగే ఒక పొడవాటి జీవి ఉన్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఈ నవల వినాల్సిందే. నటి మేర్ విన్నింగ్‌హామ్ చదివారు, దాదాపు 19 గంటలు. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య వాళ్ళకే అర్థమయ్యే మాటలు ఎన్నో ఉంటాయి. తిట్లు, ముద్దుపేర్లు, స్కాట్ చిన్నప్పటి నుంచి మోసుకొచ్చిన మాటలు. అతను పోయాక ఆ భాష తెలిసిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. కాగితం మీద అవి వింత పదాలు. ఒక ఆడమనిషి గొంతులో విన్నప్పుడు, ఎదుట పలికేవాడు లేడన్న సంగతి ప్రతిసారీ తగులుతుంది.

మీరేమంటారు?

డాలస్ దారిలో:
నేను ఒప్పుకోనండి. ఆఫీసుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కారులో వింటాను నేను. కింగ్ ఆడియోలు చాలా విన్నాను, ఏదీ ఇంత తలనొప్పి పెట్టలేదు. మీరు మెచ్చుకుంటున్న ఆ ముద్దుమాటలే నా బాధ. పేజీ మీద కన్ను వాటిని దాటి పోతుంది. చెవికి ఆ సదుపాయం లేదు. చదివే ఆవిడ ప్రతి మాటా పలకాల్సిందే, మనం వినాల్సిందే. పక్కింటి దంపతుల గారాలు గోడ అవతలి నుంచి గంటల తరబడి విన్నట్టుంటుంది.

రెండో సంగతి, కాలాలు. భర్త పోయిన రెండేళ్ళ తర్వాత మొదలైన కథ 1988లో నాష్‌విల్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి 1979కి, దాని లోపలి నుంచి స్కాట్ చిన్నతనానికి. పుస్తకంలో ఒక భాగం వాక్యం మధ్యలో తెగిపోయి, కింద అంకె పడి, అదే వాక్యం ఇంకో కాలంలో కొనసాగుతుంది. ఆ ఖాళీ జాగా కంటికి కనిపిస్తుంది కాబట్టి సర్దుకుంటాం. హైవే మీద లేన్ మారుతూ వింటుంటే ఏ సంవత్సరంలో ఉన్నామో తెలియదు. వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం, ఇదే పని.

ఓరుగల్లు పాఠకురాలు:
డాలస్ గారూ, మీ రెండో మాటతో ఏకీభవిస్తాను. మొదటిదానితో కాదు.

నేను ముందు పుస్తకం చదివాను, తర్వాత విన్నాను. చదివినప్పుడు ఆ తెగిన వాక్యాలు నాకు రచయిత నేర్పరితనంగా మాత్రమే కనిపించాయి. విన్నప్పుడు అది లిసీ పరిస్థితి అని తోచింది. ఆమె గుర్తు చేసుకోవాలని కూర్చోవడం లేదు. ఏదో పెట్టె తెరుస్తుంది, పాత పత్రిక చేతికి వస్తుంది, మాట మధ్యలోనే అటు వెళ్ళిపోతుంది. మా నాన్నగారు పోయాక అమ్మను చూశాను. బియ్యం కొలుస్తూ ఏదో చెబుతుంటుంది, మాట మధ్యలో ఆగుతుంది, మళ్ళీ అందుకునేసరికి పదేళ్ళ కిందటి మాట. మనకు అంకె వేసి చూపించేవాళ్ళు ఎవరుంటారు? కాసేపు దారి తప్పడం ఈ కథలో వినేవాళ్ళు పడాల్సిన కష్టమే అని నా నమ్మకం.

ఇంకో విషయం ఎవరూ అనడం లేదు. ఈ నవలలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ పొడవాటి జీవి కాదు. నాష్‌విల్‌లో స్కాట్‌ను ఒకడు తుపాకీతో కాలుస్తాడు. రెండో గుండు తగలకుండా ఆపింది లిసీ. శంకుస్థాపనకు తెచ్చిన వెండి పారతో వాడిని కొట్టి పడేస్తుంది. పేరు మాత్రం అక్కడున్న ఒక మగవాడికి వస్తుంది. పత్రికలో పడిన ఫొటోలో ఆయనకు పోలీసాయన షేక్‌హ్యాండ్ ఇస్తుంటాడు. లిసీది అంచున బూటు మడమ, అంతే. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఫొటో చేతిలో పట్టుకుని చూస్తుంది. మొగుడు బతికుండగా అంచున నిలబెట్టారు, పోయాక ఆయన కాగితాలకు కాపలాదారును చేశారు. ఆమె ఎలా ఉందని అడిగే ప్రొఫెసరు ఒక్కడు లేడు. మన దగ్గర బొట్టు, గాజుల పేరుతో చేసేది వేరు, అక్కడ మర్యాదగా ఉత్తరాలు రాసి చేసేది వేరు. కానీ మనిషిని పక్కకు నెట్టి ఆయన వదిలిపోయినవాటి మీద చూపు పెట్టడం రెండు చోట్లా ఒకటే.

నైట్ షిఫ్ట్:
అక్కా, మీరు రాసింది బాగుంది. కానీ హారర్ అని కొన్నాను నేను. మొదటి నాలుగైదు గంటలు భయమే లేదు. అక్కచెల్లెళ్ళ గొడవలు, ఆసుపత్రి, పాత పత్రికలు. కింగ్ పేరు అట్ట మీద లేకపోతే ఎంతమంది చివరిదాకా వినేవాళ్ళు?

ఇంకోటి సీరియస్‌గా చెబుతున్నాను. స్కాట్ తండ్రి పిల్లలను కోసే ఘట్టాలు, లిసీ అక్క అమాండా తనను తాను కోసుకునే ఘట్టం ఇయర్‌ఫోన్లలో వినడం చాలా కష్టం. రాత్రి డ్యూటీలో వార్డు సద్దుమణిగాక పెట్టుకున్నాను, తీసి పక్కన పెట్టేశాను. చదివేటప్పుడు పేజీ తిప్పేయొచ్చు. ఇక్కడ ఎంత ముందుకు జరపాలో తెలియదు, జరిపి ఆపితే ఇంకా అక్కడే ఉంటాం. ఎవరికైనా ఇలాంటి అనుభవాలు ఇంట్లో ఉంటే ఈ ఆడియో రికమెండ్ చేసే ముందు ఒక మాట చెప్పండి. దయచేసి.

డబ్బింగ్ గది:
నైట్ షిఫ్ట్ గారి హెచ్చరిక అందరూ గుర్తుంచుకోవాలి.

నేను గొంతుతో పని చేసేవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి రెండు ముక్కలు. 1998లో వచ్చిన 'బ్యాగ్ ఆఫ్ బోన్స్' కూడా ఇలాంటి కథే, అక్కడ భార్య పోయిన రచయిత. ఆ ఆడియో కింగ్ స్వయంగా చదివారు. భర్త పోయిన ఆమె కథకు మాత్రం నటిని పిలిచారు. పైగా విన్నింగ్‌హామ్ పాటలు కూడా పాడే మనిషి, 'జార్జియా' సినిమాకు ఆస్కార్ నామినేషన్ అందుకున్న నటి. ఒకే గొంతు లిసీ కావాలి, స్కాట్ కావాలి, పిచ్చి పట్టిన అతని తండ్రి కావాలి, బెదిరించే ఉన్మాది కావాలి. మగ పాత్రలకు ఆవిడ గొంతు మరీ బరువు చేయలేదు. కొందరికి అది లోపంగా అనిపించింది. నాకైతే సరైన నిర్ణయమే, ఎందుకంటే ఈ మగవాళ్ళందరినీ మనం లిసీ తలలోంచి వింటున్నాం. స్కాట్ మాట్లాడినప్పుడు కూడా అది ఆమెకు గుర్తున్న స్కాట్.

గుండు తగిలి కాలే తారు మీద పడి ఉన్న స్కాట్, ఆ జీవి చేసే చప్పుడు ఎలా ఉంటుందో భార్యకు చేసి చూపిస్తాడు కదా. ఆడియో చదివే ఎవరికైనా అది పెద్ద పరీక్ష. కాస్త ఎక్కువైతే పిల్లల కథ అయిపోతుంది. ఇక్కడ అతి చేయలేదు.

'డొలోరెస్ క్లెయిబోర్న్' వినని వాళ్ళు అది కూడా వినండి. 1992 నవల. భర్త చావు గురించి ఒక ఆడమనిషి పోలీసుల ముందు ఆపకుండా చెప్పే మాటే పుస్తకమంతా, అధ్యాయాలే లేవు. ఫ్రాన్సెస్ స్టెర్న్‌హేగన్ చదివారు. అది పుట్టుకతోనే చెవి కోసం రాసినట్టుంటుంది. 'లిసీస్ స్టోరీ' అలా కాదు, కాగితం కోసం కట్టిన పుస్తకం. అందుకే డాలస్ గారి ఇబ్బంది నాకు న్యాయంగానే అనిపిస్తోంది.

డాలస్ దారిలో:
థాంక్సండీ. నేను అంటున్నదీ అదే. విన్నింగ్‌హామ్ గారి ప్రతిభను తక్కువ చేయడం లేదు, పుస్తకం ఆడియోకు లొంగదు అంటున్నాను. 2021లో ఆపిల్ టీవీ వాళ్ళు దీన్ని సిరీస్‌గా 8 ఎపిసోడ్లు తీశారు, జూలియన్ మూర్ నటించారు, స్క్రిప్టు కింగే రాశారు. కాలాల తికమక అక్కడా వదల్లేదు. రచయిత చేతిలోనే తేలని చిక్కు వినేవాడి మీద పెడితే ఎలా?

గోదారి గట్టు:
సిరీస్ నేనూ చూశాను. నాకు నచ్చనిది తికమక కాదు, ఆ లోకాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించేయడం. ఆ జీవిని లిసీ పూర్తిగా చూడలేకపోవడంలోనే దాని భయం ఉంది. పక్కభాగం ఒకటి కదులుతూ పోతూనే ఉంటుంది, చివర కనిపించదు. వింటున్నప్పుడు మనమూ అంతే, ముక్కలే తెలుస్తాయి.

ఈ నవల ఎక్కడ పుట్టిందో కింగ్ చెప్పిన సంగతి ఉంది. 2003లో న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు భార్య టాబితా ఆయన రాతగది మార్పించడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చి చూస్తే పుస్తకాలన్నీ పెట్టెల్లో ఉన్నాయి. నేను పోయాక ఈ గది ఇలాగే ఉంటుంది కదా అనిపించిందట. తన రచనల్లో తనకు బాగా ఇష్టమైనది ఇదేనని కూడా ఆయన అన్నారు. తను లేని ఇంట్లో భార్య ఎలా మాట్లాడుకుంటుందో ఊహించి రాసిన పుస్తకం ఇది. అందుకే ఆడగొంతులో వినమంటున్నాను. డబ్బింగ్ గది గారు కాగితం కోసం కట్టిన పుస్తకం అన్నారు. కట్టడం కాగితం మీదే, నేను కాదనను. మాట మాత్రం గొంతుది.

నైట్ షిఫ్ట్:
సరే అన్నా, మళ్ళీ మొదలుపెడతాను, ఈసారి డ్యూటీలో కాదు. ఎక్కడిదాకా ఓపిక పట్టాలో చెప్పండి.

ఓరుగల్లు పాఠకురాలు:
నాష్‌విల్ ఘట్టం అయ్యేదాకా తమ్ముడూ. అది మొదట్లోనే వస్తుంది. అక్కడ లిసీ మీద నీకు పట్టు కుదరకపోతే మిగతా గంటలు బలవంతంగా వినకు. అమాండా దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకం తెరిచి ఆ పేజీలు కంటితో దాటెయ్. తర్వాత ఆడియో అందుకోవచ్చు, కథ తెగదు.