అప్‌డేట్: అమ్మ వీల్‌చైర్ కుషన్

అమ్మకి ఫోమ్ కుషన్ మీద కూర్చుంటే పిరుదుల ఎముకల దగ్గర ఎర్రబడుతోంది, ఏది కొనాలి అని అడిగాను కదా. గాలి గదులుండే కుషన్ తీసుకున్నాం.

మొదటి రెండు రోజులు నొప్పి ఇంకా ఎక్కువైంది. నాకు ఒకటే టెన్షన్. మెత్తగా ఉంటుందని గాలి నిండుగా కొట్టాను, అదే పొరపాటు. అమ్మ కూర్చున్నాక ఎముక కిందకి చెయ్యి దూర్చి, వేళ్ల కొసలు కొద్దిగా మాత్రమే కదిలేంత వరకు గాలి వదలమని ఫిజియోథెరపిస్ట్ చూపించారు. ఎముకకీ కుషన్ అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం ఉండాలట. ఇప్పుడు రోజూ పొద్దున్నే చూస్తున్నా.

ఎత్తు పెరిగి పాదాలు వేలాడాయి, ఫుట్‌రెస్ట్ పైకి జరిపాం. పైన మడతపెట్టి వేసే తువ్వాలు తీసేశాం. ఎముకల మీద ఒత్తిడి తగ్గడానికి అమ్మ అరగంటకోసారి ముందుకి వంగడం మాత్రం మానలేదు.

నిన్న రాత్రి చూస్తే ఎరుపు లేదు. సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.