గోడలో నిలువు అతుకు: ఏ గది ముందు కట్టింది?

పూర్వీకుల ఇంటి కట్టుబడి మీద నోట్సు ఇక్కడే ఆగింది. ముందు గది గోడ మందం 60 సెం.మీ., వెనక గదిది 45. రెండూ కలిసేచోట నేల నుంచి దూలం దాకా నిలువు అతుకు ఉంది. ఇటుకల వరసలు ఒకదాన్లోకి ఒకటి దిగలేదు, కాబట్టి రెండూ ఒకేసారి కట్టినవి కావు. ఇటుకల మధ్య రెండువైపులా సున్నమే, దాంతో తేడా తెలియదు. దస్తావేజులో హద్దులున్నాయి గానీ గదుల లెక్క లేదు. ముందు గది వాసాలకు చేత్తో కొట్టిన పలకల మేకులు, వెనక గుండ్రటి తీగ మేకులు. చేత్తో కొట్టినవి పాత రకం కాబట్టి ముందు గదే పాతదని తేలిపోయిందనుకున్నాను! తీరా ముందు దూలాల్లో దేనికీ అమరని పాత గాడులు కనిపించాయి; అంటే కలప వేరే కట్టడంలోంచి తెచ్చినట్టుంది, ఇక మేకుల సాక్ష్యం చెల్లదు. ఒక గోడ పాత గార రెండో గోడ వెనక్కి పోతే ఆ గోడే ముందు కట్టింది; అలా ఉందేమోనని అతుకు దగ్గర 10 సెం.మీ. గీకాను. పైన సిమెంటు పూశారు, దాంతోపాటు అసలు గారా ఊడొచ్చింది.

గోడ విప్పకుండా ఏ గది ముందు కట్టిందో తేల్చడానికి ఇంకెక్కడ, ఏ గుర్తు చూడాలి?