నీలరాగమా, నీలీరాగమా?

ప్రశ్న: వాన్ గో 1890 జూలైలో చిత్రించిన కాకుల గోధుమచేను గురించి వ్యాసం రాస్తున్నాను. కల్లోలిత ఆకాశం కింది చేలలో దుఃఖాన్నీ తీవ్రమైన ఒంటరితనాన్నీ చూపబోయానని ఆయన ఆ రోజుల్లో తమ్ముడికి రాశాడు కనుక, ఆ ముదురు ఆకాశాన్ని 'నీలరాగం' అనాలనిపించింది. పైకి అంతగా మెరవకపోయినా మనసును వీడని ప్రేమకు ఆ పేరుపెట్టి, సీతారాములను ఉదాహరించిన శ్లోకం సగమే గుర్తుంది. మాట సరైనదేనా?

జవాబు: అది సాహిత్యదర్పణమనే అలంకారగ్రంథంలోని నీలీరాగం. ఆ దీర్ఘం పోతే అర్థమూ పోతుంది, ఎందుకంటే 'నీలీ' అన్నది వర్ణం కాదు, రంగునిచ్చే మొక్క. మెరిసి వెలిసిపోయేది కుసుంభరాగం, మెరుస్తూనే వెలియనిది మంజిష్ఠారాగం. మూడూ అద్దకం మాటలే. నన్నడిగితే మీ చిత్రకారుడికి నప్పేది కుసుంభమే: ఆయన పడకగది చిత్రంలో ఊదాగా ఉండిన గోడలు, ఎరుపు వెలిసిపోయి, నేడు నీలంగా కనిపిస్తున్నాయి.

మరొకరు: దీర్ఘం ఒప్పుకున్నాను గాని, దుఃఖానికి నీలాన్ని ఎవరిచ్చారు? నాట్యశాస్త్రంలో భరతుడు రసాలకు రంగులిస్తూ కరుణకు కపోతవర్ణాన్ని (పావురపు బూడిదరంగును), బీభత్సానికి నీలాన్ని, అద్భుతానికి పసుపును, భయానకానికి నలుపును చెప్పాడు. ఆ లెక్కన చేను అద్భుతం, కాకులు భయానకం, ఆకాశం బీభత్సం. కరుణకు చోటే లేదు.

ప్రశ్నించినవారు: పసుపు విషయంలో భరతుడే గెలిచాడేమో. పల్లెలో తనకు ఆరోగ్యకరంగా, బలాన్నిచ్చేదిగా తోచినదాన్ని ఈ చిత్రాలు చెబుతాయని అదే లేఖలో ఉంది.

ఇంకొకరు: నీలానికీ నలుపుకూ మన కవులు గట్టి గీత గీయలేదు, నీలవేణి జడ నల్లనిదే. పోతన గోపికలు 'నల్లనివాడు' అని వెదికినప్పుడు ఆ నలుపులో ఎంత మేఘం ఉందో చూడండి. కాకులు ఆకాశంలో కలిసిపోయే చోట నాకు కనిపించేది ఆ నలుపే.

మొదటి జవాబరి: పోతనగారి నలుపు ప్రాస పెట్టిన నలుపు. నాలుగో పాదంలో 'మల్లియలార' అని పిలవాలంటే మొదటి పాదంలోనూ 'ల్ల' పడాలి.

ఇంకొకరు: ప్రాస 'ల్ల'ను అడిగింది, నలుపును కాదు, 'చల్లనివాడు' అన్నా చెల్లేది. తెల్లని పూలను నల్లనివాడి జాడ అడిగించినది కవి.

మొదటి జవాబరి: చెల్లదండీ. 'నల్లనివాడు పద్మనయనంబులవాడు' అన్న ఆ పాదంలో మొదటి అక్షరంతో యతి కుదరాల్సిన పదో అక్షరం 'నం'. 'చ'తో మొదలుపెడితే యతి ఎక్కడ కూర్చుంటుంది?