కళ్లజోడుతో వ్యూఫైండర్: మూలలు కనబడకపోతే ఫ్రేమింగ్ ఎలా?

మైనస్‌_మూడున్నర: కళ్లజోడుతో చూస్తే కెమెరా వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) మధ్యలో అంతా స్పష్టంగానే ఉంటుంది. నాలుగు మూలలూ, కింది అంకెలూ మాత్రం ఒకేసారి కనబడవు. తీరా ఫోటోలో అంచున ఏ కొమ్మో, సగం చెయ్యో దూరి ఉంటుంది. డయాప్టర్ (వ్యూఫైండర్ పవర్ సర్దే చక్రం) అటూ ఇటూ తిప్పినా ఫలితం లేదు. సైట్ -3.5, కొంచెం సిలిండర్ (అస్టిగ్మాటిజం పవర్) కూడా ఉంది. జోడు తీసేసి తీయడమే మార్గమా?

ఫిల్మ్‌రోల్: తీయక్కర్లేదండీ. డయాప్టర్ మసకను సరిచేస్తుందే గానీ మూలల్ని తెచ్చివ్వదు. మీ ఇబ్బంది కంటి దూరంతో. కన్ను మహా అయితే ఎంత వెనక్కి ఉంటే ఫ్రేమ్ మొత్తం కనబడుతుందో ఆ దూరమే ఐపాయింట్. జోడు అద్దం కంటికి 12–14 మి.మీ. ముందుంటుంది. దానికి అద్దం మందం, ఐకప్ (వ్యూఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు) అంచు కలిపితే 20 మి.మీ. ఇట్టే దాటుతుంది. ఐపాయింట్ 17 అయితే మూలలు పోక తప్పదు.

స్పెసిఫికేషన్ చదివేటప్పుడు కొలత ఎక్కడి నుంచో చూడండి. సోనీ ఏ7 త్రీకి ఐపీస్ (వ్యూఫైండర్‌లో కంటి వైపు భాగం) గాజు నుంచి 23, ఐపీస్ ఫ్రేమ్ నుంచి 18.5 మి.మీ. అని రెండూ ఇచ్చారు. మీకు పనికొచ్చేది రెండోది. మాగ్నిఫికేషన్ (ఫైండర్‌లో బొమ్మ ఎంత పెద్దగా కనిపిస్తుందో) పెద్దదని మురిసిపోవద్దు, బొమ్మ పెద్దదయ్యేకొద్దీ అంచులు అందవు. నికాన్ ఎఫ్3 హెచ్‌పీ ఫైండర్‌కి 25 మి.మీ. ఐపాయింట్ ఇవ్వడానికి మాగ్నిఫికేషన్‌ను 0.8 నుంచి 0.75కి తగ్గించారు.

ఐకప్: మిర్రర్‌లెస్ (ఫైండర్‌లో చిన్న స్క్రీన్ ఉండే కెమెరా) అయితే మెనూలో వ్యూఫైండర్ బొమ్మ సైజు తగ్గించే ఆప్షన్ ఉందేమో ముందు చూడండి. చాలా మోడల్స్‌లో ఉంటుంది, దాంతోనే సగం గొడవ తీరుతుంది. రబ్బరు ఐకప్ లోతుగా ఉంటే పల్చటిది వేయండి. పూర్తిగా పీకేస్తే మాత్రం గట్టి అంచు అద్దాన్ని గీస్తుంది. రబ్బరు మీద ఇసుక రేణువున్నా అంతే, తుడిచాకే కన్ను ఆనించండి.

డయాప్టర్ జోడు పెట్టుకునే సెట్ చేయాలి. ఎదుటి దృశ్యాన్ని కాదు, లోపలి అంకెల్ని చూస్తూ తిప్పండి. దృశ్యం మసగ్గా ఉంటే తప్పు లెన్స్ ఫోకస్‌దో డయాప్టర్‌దో తేలదు. జోడు లేకుండా తీద్దామన్నా చాలా కెమెరాల్లో డయాప్టర్ -3 దగ్గరే ఆగిపోతుంది, సిలిండర్‌ను అసలు సరిచేయదు.

మైనస్‌_మూడున్నర: నాది డీఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దంతో దృశ్యాన్ని నేరుగా చూపే కెమెరా). సైజు తగ్గించే ఆప్షన్ ఉండదుగా?

ఫిల్మ్‌రోల్: ఉండదు. క్లిక్ చేసే ముందు కన్ను కొంచెం ఎడమకి, కొంచెం కుడికి జరిపి అంచులు ఒకసారి చుట్టి రండి. బొమ్మ మధ్యలో బాగుంది కదా అని నొక్కేయడం వల్లే కొమ్మలు దూరేది. చవక మోడల్స్ ఫైండర్ ఫోటోలో పడేదాంట్లో సుమారు 95 శాతమే చూపిస్తుంది, కాబట్టి మీరు మూలలన్నీ చూసినా అంచున ఏదో అదనంగా పడుతుంది. ట్రైపాడ్ మీద ఉంటే లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద) చూసుకోవడమే మేలు. ఇంకోటి, జోడుకీ ఐపీస్‌కీ మధ్య సందులోంచి వెనక ఎండ దూరితే మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలత) తప్పి ఫోటో డార్క్‌గా వస్తుంది. పక్కన అరచెయ్యి అడ్డం పెట్టండి.

ఐకప్: ప్రోగ్రెసివ్ (పైన దూరం పవర్, కింద చదివే పవర్ ఉండే) అద్దాలైతే పై భాగంలోంచి చూడాలి. తల పైకెత్తితే చదివే పవర్ అడ్డొచ్చి అంకెలు అలుక్కుపోతాయి.