రాళ్ల మీద నడిపే ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) ట్రక్: డిఫ్ లాక్ చేయాలా, సీల్ చేసి చిక్కటి ఆయిల్ పోయాలా?

కొండదారి:
నాది 1/10 స్కేల్ సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల మధ్య ఒకే గట్టి ఇరుసు ఉన్న) ట్రక్. ముందూ వెనకా రెండూ ఓపెన్ డిఫ్‌లే, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో ఏ అడ్డూ లేకుండా తిరగనిచ్చే డిఫరెన్షియల్ గేర్లు. రాయి ఎక్కేటప్పుడు ఒక చక్రం గాల్లోకి లేచిందంటే అదొక్కటే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. రెండు చక్రాలూ కలిసే తిరిగేలా లాక్ చేసెయ్యమని కొందరు, సీల్ చేసి చిక్కటి సిలికాన్ ఆయిల్ పోస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు. ఎక్కువగా రాళ్లే, అప్పుడప్పుడు మట్టి మీద వేగంగా కూడా నడుపుతాను. ఏం చేయమంటారు?

గేర్‌పిచ్చి:
రెండూ లాక్ చేసెయ్యండి. ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకీ సమానమైన టార్క్ పంపుతుంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి టార్క్ దాదాపు అక్కర్లేదు, కాబట్టి నేల మీదున్న చక్రానికీ ఏమీ మిగలదు. లాక్ చేస్తే యాక్సిల్‌కి వచ్చిన శక్తి మొత్తం పట్టున్న చక్రానికే వెళ్తుంది. రాళ్ల మీద పాకడానికే చేసిన క్రాలర్లలో చాలావాటికి డిఫ్ బదులు ఫ్యాక్టరీలోనే స్పూల్ (రెండు చక్రాలనీ ఎప్పుడూ కలిపే తిప్పే గట్టి ముక్క) వేసి ఇస్తారు.

నూనెచుక్క:
అంత తొందర వద్దండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. లాక్ చేసిన యాక్సిల్‌లో అది కుదరదు, ఏదో ఒక టైరు ఈడ్చుకుపోవాల్సిందే. పట్టున్న గట్టి నేల మీద ఆ ఒత్తిడంతా యాక్సిల్ షాఫ్టుల మీద, ముందు యూనివర్సల్ జాయింట్ల మీద, డిఫ్‌ని తిప్పే రింగ్, పినియన్ గేర్ల పళ్ల మీద పడుతుంది. మలుపు తిరగడానికి చోటూ ఎక్కువ కావాలి. సిలికాన్ ఆయిల్ కొన్ని వేల సీఎస్‌టీ (చిక్కదనం కొలత) నుంచి 10 లక్షల సీఎస్‌టీ దాకా దొరుకుతుంది. 5 లక్షలది పోసి చూడండి. నచ్చకపోతే మార్చుకోవచ్చు, లాక్ చేశాక ఆ వెసులుబాటు ఉండదు.

గేర్‌పిచ్చి:
రాళ్ల మీద ఆయిల్ చేతులెత్తేసేది ఎందుకో కూడా చెప్పాలి కదా. ఆయిల్ అడ్డుపడేది రెండు చక్రాల వేగంలో ఉన్న తేడాని బట్టి. తేనెలో గరిటె మెల్లగా తిప్పితే సులువుగా కదులుతుంది, గబగబా తిప్పబోతే చేతికి బరువు తెలుస్తుంది. క్రాలింగ్‌లో చక్రం నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతుంది. ఆ తేడాకి ఆయిల్ ఇచ్చే అడ్డు చాలా తక్కువ, అదీ బండిని నిటారు రాతి మీదకి లాగాల్సిన చోట. మట్టిలో వేగంగా వెళ్లేటప్పుడు ఒక చక్రం ఎగిరితే తేడా ఒక్కసారిగా పెరుగుతుంది, అక్కడ ఆయిల్ నిజంగా పనిచేస్తుంది. బగ్గీలవాళ్లకి అది నప్పేది అందుకే. ఈయన నడిపేది ఎక్కువగా రాళ్ల మీద.

నూనెచుక్క:
వేగం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ 10 లక్షల సీఎస్‌టీది పోసేది కాదు, ముద్దలా పెట్టేది. నెమ్మదిగా తిరిగినా అది కొంత పట్టు ఇస్తుంది, ఓపెన్ డిఫ్‌కీ దానికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. లాక్‌తో సమానమని మాత్రం అనను.

చిన్నస్క్రూ:
ఆయిల్ వైపు వెళ్తే సీలింగ్ సరిగ్గా లేకపోతే శ్రమంతా వృథా. ముందు కేస్‌లో పాత గ్రీజు మొత్తం కడిగి ఆరబెట్టండి. కేస్‌కీ రింగ్ గేర్‌కీ మధ్య కాగితం గాస్కెట్, బయటికొచ్చే షాఫ్టుల దగ్గర ఓ-రింగులు కొత్తవి వేయండి. లోపలి చిన్న గేర్లని మోసే క్రాస్ పిన్ మునిగేదాకా ఆయిల్ పోసి ఆపండి. అంచుదాకా నింపితే వేడికి వ్యాకోచించి ఓ-రింగుల పక్కనుంచి కారుతుంది. బుడగలు పైకి వచ్చేదాకా ఆగండి, చిక్కటిదైతే రాత్రంతా పట్టొచ్చు. స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే గాస్కెట్ ఒక పక్క నలిగిపోతుంది. కేస్‌లో ఓ-రింగ్ గాడే లేని పాత తరహా డిఫ్ అయితే ఆయిల్ జోలికి పోవద్దు, చిక్కటి గ్రీజే నిలుస్తుంది.

కొండదారి:
లాక్ చేయాలంటే లోపల హాట్ గ్లూ నింపితే చాలంటున్నారు. నమ్మొచ్చా?

చిన్నస్క్రూ:
వద్దు. లోహం మీద దాని పట్టు తక్కువ. లోడ్ పడగానే విరిగి ముక్కలు పళ్ల మధ్య చేరతాయి. ఎపాక్సీ నిలుస్తుంది గానీ ఆ గేర్లు ఇక తిరిగి రావు. మీ మోడల్‌కి స్పూల్ దొరికితే అదే వేయండి, పాత డిఫ్ డబ్బాలో భద్రంగా ఉంటుంది. మలుపుల్లో డిఫ్, ఎక్కుడులో లాక్ రెండూ కావాలనుకునేవాళ్లకి 2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 లాంటివి ఉన్నాయి, ట్రాన్స్‌మిటర్ మీద స్విచ్‌తోనే లాక్ అవుతాయి. అందుకు యాక్సిళ్లే వేరుగా ఉండాలి, మీ బండికి తగిలించేది కాదు.

నూనెచుక్క:
అలాగైతే నా మాట ఇది: వెనక స్పూల్, ముందు సీల్ చేసి 10 లక్షలది. స్టీరింగ్ బతుకుతుంది, ముందు జాయింట్లూ బతుకుతాయి.

గేర్‌పిచ్చి:
రాతి అంచు మీదకి బండిని లాగేది ముందు చక్రాలండీ. వాటిలో ఒకటి లేచిన క్షణంలోనే ముందు లాక్ అవసరం. జాయింట్ల మీద భయముంటే గట్టి స్టీల్‌వి వేసుకోవచ్చు.

కొండదారి:
మొదట వెనక యాక్సిల్‌కి స్పూల్ వేసి, ముందు యాక్సిల్‌లో ఆయిల్ పెట్టి చూస్తాను. ముందు చక్రం లేచినచోట ఆగిపోతే దానికీ స్పూల్ వేసేస్తాను. నూనెచుక్క గారూ, ముందు డిఫ్ కేస్ ప్లాస్టిక్‌దే, అంత చిక్కటిది పెట్టాలంటే లోహం కేస్ కావాలా?

నూనెచుక్క:
అక్కర్లేదు. లోపలి గేర్లు ప్లాస్టిక్‌వైతే మాత్రం మొదట వాటిని స్టీల్‌వి చేయండి, అరిగేది అవే.